ముఖాన్ని చివర చూడండి: పాత రాగిరేకు చిత్తరువును చదవడం ఎలా

ఒక పాత పుస్తకాల కొట్లో ఇంగ్లండు ప్రభువొకాయన బొమ్మ కొన్నాను. నల్ల ఫ్రేము, పసుపెక్కిన కాగితం, మెళ్ళో పతకం, బిగుసుకున్న ముఖం. "మూడొందల ఏళ్ళనాటి రాగి అచ్చు సార్, ఇలాంటిది మళ్ళీ దొరకదు" అన్నాడు కొట్టతను. ఆ ముఖం చూసే పడిపోయాను. బేరం కూడా సరిగ్గా ఆడలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే గీత అన్నదే లేదు, అన్నీ చుక్కలే. ఏదో పాత పత్రికలోంచి కోసిన పేజీకి ఫ్రేము కట్టి అమ్మాడు.

అప్పటినుంచి నాకో అలవాటు పట్టుకుంది. ఇలాంటి బొమ్మ చేతికొస్తే ముఖం మొదట చూడను. కాగితం చూస్తాను, గీత చూస్తాను, కింది అక్షరాలు చూస్తాను, డాలు గుర్తు చూస్తాను. ముఖం వంతు అన్నిటికన్నా చివర. ముఖం మనల్ని లాగేస్తుంది. లాగాక మిగతావి కంటికి ఆనవు.

ఈ పద్ధతి చెప్పడానికి ఒక మనిషిని ఎంచుకుంటాను. ఆరండెల్ ఎర్ల్ థామస్ హోవర్డ్, 1585లో పుట్టి 1646లో పోయినవాడు. ఇంగ్లండు రాజులు మొదటి జేమ్స్, మొదటి చార్లెస్ కొలువుల్లో పెద్ద తలకాయ. బొమ్మలు, పాలరాతి శిల్పాలు, పాత పుస్తకాలు పోగెయ్యడంలో ఆ కాలపు ఇంగ్లండులో ఆయనతో పోల్చదగ్గవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఆ కాలపు పేరుమోసిన చిత్రకారులు రూబెన్స్, వాన్ డైక్ ఇద్దరూ ఆయన్ని చిత్రించారు. హోలార్, ఫోర్‌స్టర్‌మన్ లాంటి చెక్కుడు పనివాళ్ళకి పని ఇచ్చాడు. ఒకే మనిషి ముఖం నూనెరంగుల్లో, రాగి మీద, తర్వాతి శతాబ్దాల పుస్తకాల్లో రకరకాలుగా దొరుకుతుంది కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ముందు ఆయన కథ రెండు ముక్కల్లో

ఇది తెలియకపోతే బొమ్మలోని సగం గుర్తులు అర్థం కావు. హోవర్డులు నార్ఫోక్ డ్యూకుల వంశం. డ్యూక్ అంటే ఎర్ల్ కన్నా పై అంతస్తు ప్రభువు. ముత్తాత సర్రే ఎర్ల్ తల 1547లో తెగింది. తాత నాలుగో డ్యూక్ తల 1572లో తెగింది, డ్యూక్ పదవీ దానితోనే పోయింది. తండ్రి ఫిలిప్ కేథలిక్ మతం పట్టుకుని లండన్ టవర్ చెరసాలలోనే 1595లో చనిపోయాడు. 1970లో కేథలిక్ చర్చి ఆయన్ని సెయింటుగా ప్రకటించింది. అలా పేరుండి ఆస్తి లేని ఇంట్లో పెరిగాడు మన థామస్. 1604లో ఎర్ల్ బిరుదు తిరిగొచ్చింది. 1606లో ష్రూస్‌బరీ ఎర్ల్ కూతురు, గొప్ప ఆస్తికి వారసురాలు అలేథియా టాల్బట్‌ని పెళ్ళాడాడు. 1611లో ఇంగ్లండు రాజు ఇచ్చే పెద్ద గౌరవమైన గార్టర్ వీరుల కూటమిలో చేరాడు. 1621లో ఎర్ల్ మార్షల్ అయ్యాడు, అంటే వంశచిహ్నాల తగువులు తీర్చే, రాజ్య ఉత్సవాలు నడిపే అధికారి. పోయిన డ్యూక్ పదవిని తిరిగి తేవాలన్నది జీవితకాలపు కోరిక. తీరకుండానే ఇటలీలోని పాడువాలో కన్నుమూశాడు. 1660లో మనవడికి దక్కింది.

1613, 14 సంవత్సరాల్లో వాస్తుశిల్పి ఇనిగో జోన్స్‌ని వెంటబెట్టుకుని ఇటలీ తిరిగాడు. అక్కణ్ణుంచే ఈ పిచ్చి ముదిరింది. గ్రీకు రాతి శాసనాలు, శిల్పాలు ఓడలకెక్కించి లండన్ స్ట్రాండ్ వీధిలోని ఆరండెల్ హౌస్‌కి తెప్పించాడు. వాటిలో మిగిలినవి చాలా ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఆష్‌మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి.

మొదటి అడుగు: ఫ్రేము విప్పండి, కాగితం పట్టుకోండి

అద్దం వెనకనున్న బొమ్మని అంచనా కట్టడం కుదరదు. అమ్మేవాడు ఒప్పుకుంటే ఫ్రేము విప్పించండి. ఒప్పుకోకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. చేతులు కడుక్కుని బాగా ఆరనిచ్చి, కాగితాన్ని రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకోండి. టార్చిని పక్కనుంచి వాలుగా వెయ్యండి. ఎదురుగా వేస్తే ఏమీ తెలియదు.

రాగిరేకు అచ్చు ఎలా తీస్తారో తెలిస్తే ఏం వెతకాలో తెలుస్తుంది. రేకు మీద గీతలు తవ్వుతారు. మీద సిరా పూసి పైపైన తుడిచేస్తారు. గీతల గుంటల్లో మాత్రం సిరా మిగులుతుంది. తడిపిన కాగితాన్ని దానిమీద పరిచి రెండు రోలర్ల మధ్యనుంచి గట్టిగా నొక్కుతూ పంపుతారు. కాగితం గుంటల్లోకి దిగి సిరాని పట్టుకొస్తుంది. అందుకే గీతలు కాగితం మీద ఒక్క పిసరు ఉబ్బుగా నిలబడతాయి. రేకు అంచులు కాగితంలోకి దిగబడి బొమ్మ చుట్టూ చదరపు గుంట కడతాయి. వాలు వెలుతురులో ఆ గుంట కనిపించాలి. కనిపించకపోతే చాలావరకు రెండే కారణాలు: ఎవరో దాని లోపలికి కత్తిరించేశారు, లేదా అది రాగి అచ్చే కాదు.

మన ఊళ్ళవాళ్ళకి రాగిరేకు కొత్తేమీ కాదు. దాన శాసనాలు రాగి మీదే చెక్కారు. అన్నమయ్య సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీదే దొరికాయి. తేడా ఒక్కటే. మన రేకుని రేకుగానే చదువుకుంటాం, అందుకని అక్షరం సూటిగా చెక్కారు. ఐరోపా పనివాడు రేకుని కాగితం మీదికి నొక్కాలి కాబట్టి బొమ్మనీ అక్షరాలనీ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. ఈ తిరగేత సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టండి. పదిహేడో శతాబ్దపు చేతి కాగితమైతే లోపల సన్నటి గీతలు దగ్గరదగ్గరగా, వాటికి అడ్డంగా సుమారు అంగుళానికొకటి చొప్పున మందపు గీతలు కనిపిస్తాయి. కాగితం తీసిన జల్లెడ తీగల ఆనవాళ్ళవి. అదృష్టం బాగుంటే నీటిగుర్తు, అంటే కాగితం చేసినవాడి ముద్ర, కూడా కనిపిస్తుంది. అలా కాకుండా నున్నగా, గీతల్లేకుండా ఉంటే అది వోవ్ కాగితం. ఇంగ్లండులో వాట్‌మన్ తయారుచేసిన ఆ రకం 1757లో పుస్తకంలో మొదటిసారి కనిపించింది, ఆ శతాబ్దం చివరికి మామూలైంది. కాబట్టి "ఇది ఆరండెల్ బతికుండగా తీసిన అచ్చు" అని ఎవరైనా వోవ్ కాగితం చూపిస్తే నవ్వి ఊరుకోండి. గీతలున్నంత మాత్రాన పాతదని కూడా అనుకోవద్దు. పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద తర్వాత అచ్చులు తీసినవాళ్ళున్నారు.

రెండో అడుగు: గీతని పట్టుకోండి

గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే కటకం ఉంటుంది, పదిరెట్లు పెద్దగా చూపించేది. ఈ పనికి అది చాలు. ఫోన్ కెమెరాకి తగిలించే చిన్న మాక్రో కటకమైనా పరవాలేదు.

ముందు చుక్కల్ని తప్పించండి. బూడిదరంగు అంతా ఒకే వరసలో సమానదూరంలో పెట్టిన చుక్కలతో కట్టి ఉంటే అది హాఫ్‌టోన్, పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల తర్వాతి అచ్చుయంత్రం పని. నా కొనుగోలు ఆ బాపతే. చుక్కలుండీ అవి ముఖంలో మెత్తగా, ఎగుడుదిగుడు పరిమాణాల్లో, చేత్తో పొడిచినట్టుంటే మాత్రం తొందరపడకండి. అది స్టిపుల్ పద్ధతి, పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బాగా వాడుకలో ఉన్నది. అదీ అసలైన రాగి అచ్చే. కాకపోతే ఆరండెల్ పోయిన నూటయాభై ఏళ్ళ తర్వాతిది.

గీతలుంటే అవి ఏ రకమో చూడండి. ఇక్కడే కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే మొత్తం విద్యలో రుచి ఇక్కడే ఉంది.

ఒకటి ఉలి గీత. బ్యూరిన్ అనే మొనతేలిన ఉక్కు ఉలిని అరచేతిలో ఇముడ్చుకుని రాగిలోకి ముందుకు నెడతారు. వంపు కావాలంటే చెయ్యి తిప్పరు, దిండు మీద పెట్టిన రేకునే తిప్పుతారు. నొక్కు పెరిగితే గీత లావవుతుంది, తగ్గితే సన్నబడి సూదిమొనలా ముగుస్తుంది. కటకంలో చూస్తే ప్రతి గీతా చేపపిల్లలా ఉంటుంది: సన్నగా మొదలై, నడుమ ఉబ్బి, సన్నగా ముగుస్తుంది. గీతలు క్రమశిక్షణగా, సైన్యం నడిచినట్టు పక్కపక్కనే వెళ్తాయి. చెంప నునుపు, పట్టు మెరుపు, ఉక్కు కవచం తళుకు, అన్నీ ఈ ఉబ్బుడు తగ్గుడులోంచే పుట్టాలి.

రెండోది ఎచింగ్ గీత. రేకు మీద మైనంలాంటి పూత పూసి, దానిమీద సూదితో కాగితం మీద గీసినంత తేలిగ్గా గీస్తారు. రేకుని ఆమ్లంలో ముంచితే పూత లేచిన చోటల్లా రాగిని అది తినేస్తుంది. ఈ గీత మొదలునుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే లావు. చివర మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. కొంచెం వణుకు, కొంచెం స్వేచ్ఛ. ఆరండెల్ 1636లో రాసిన ఉత్తరంలో హోలార్ గురించి, ఘాటు నీటితో చకచకా అందంగా బొమ్మలు దించే కుర్రాణ్ణొకణ్ణి వెంటబెట్టుకున్నానని ముచ్చటపడ్డాడు. ఆ ఘాటు నీరు ఈ ఆమ్లమే.

ఆరండెల్ బొమ్మల్లో ఈ రెండు రకాల పనివాళ్ళూ దొరుకుతారు. లూకాస్ ఫోర్‌స్టర్‌మన్ ఉలి మనిషి. ఆంట్‌వెర్ప్‌లో రూబెన్స్ దగ్గర పనిచేసి, ఆయనతో చెడి, 1620ల నడుమ ఇంగ్లండు వచ్చాడు. హోలార్ ప్రాగ్‌లో 1607లో పుట్టినవాడు. జర్మన్ రాజ్యాల చక్రవర్తి దగ్గరికి రాయబారం వెళ్తూ 1636లో కొలోన్‌లో ఆరండెల్ ఆయన్ని చూసి, పనిలో పెట్టుకుని లండన్ తీసుకెళ్ళాడు. హోలార్ జీవితంలో సుమారు 2,700 రేకులు చేశాడు. గంటకింత అని కూలి మాట్లాడుకుని, ఇసుక గడియారం పక్కన పెట్టుకుని, మధ్యలో ఎవరైనా మాటల్లో పెడితే దాన్ని పక్కకి పడుకోబెట్టేవాడని చెబుతారు. నాకు హోలార్ మీద పక్షపాతం ఉంది, దాచను. బొచ్చు, పట్టు, లేసు, ఇటుకగోడ, ఏదైనా సరే సన్నగీతలతో అల్లుకుపోతాడు. ముఖాలకి మాత్రం ఫోర్‌స్టర్‌మన్‌దే పైచెయ్యి. చర్మం కింద ఎముక ఉన్నట్టు తెలుస్తుంది ఆయన గీతలో.

గీతల్లేవు, చుక్కల్లేవు, నల్లటి మఖ్మల్‌లాగా నీడలు కరిగిపోతున్నాయంటే అది మెజోటింట్. ఆ పద్ధతి పుట్టిందే 1642లో, ఇంగ్లండులో వాడుక ఆ తర్వాత.

మూడో అడుగు: కింది అక్షరాలు

బొమ్మ కింద లాటిన్‌లో బారుగా ఉండేదంతా మనకెందుకని చాలామంది దాటేస్తారు. అసలు సంగతి అంతా అక్కడే ఉంది. ఎవరు చిత్రించారు, ఎవరు చెక్కారు, ఎవరు పెట్టుబడి పెట్టి అమ్మారు, బొమ్మలోని మనిషి తనని ఏమని పిలిపించుకోవాలనుకున్నాడు, అన్నీ ఆ రెండు మూడు వరసల్లో ఉంటాయి.

ఎడమ మూల పేరు పక్కన "పింక్సిట్" ఉంటే ఆయన రంగుల్లో చిత్రించినవాడు. "డెలినియావిట్" ఉంటే నమూనా గీసినవాడు. కుడి మూల "స్కల్ప్‌సిట్" ఉంటే రాగి మీద చెక్కినవాడు. "ఫెకిట్" అంటే చేసినవాడు, ఎచింగుల మీద ఇది ఎక్కువ. హోలార్ తన పేరు పక్కన చాలాసార్లు "బొహీముస్" అని చేర్చేవాడు, బొహీమియా మనిషినని. ఊరు వదిలొచ్చినవాళ్ళందరికీ ఉండే బెంగే అది. "ఎక్స్‌క్యూడిట్" అంటే ప్రచురించినవాడు. రేకు ఎవరి సొత్తో చెప్పే మాట ఇది. "కుమ్ ప్రివిలేగియో" ఉంటే నకలు కొట్టకూడదని రాజు దగ్గర హక్కు పొందారన్నమాట.

ఈ మాటలు పొడి అక్షరాలుగా కుదించి ఉంటాయి: పింక్స్, డెల్, స్కల్ప్, ఎక్స్. అలవాటైతే సినిమా టైటిల్స్ చదివినట్టే ఉంటుంది.

చిన్న గుర్తుతో పెద్ద సంగతి తేలే ఉదాహరణ ఒకటి. వాన్ డైక్ పేరు పక్కన "ఎక్వెస్" అని ఉందా? అంటే నైట్. చార్లెస్ రాజు ఆయనకి ఆ గౌరవం ఇచ్చింది 1632 జులైలో. కాబట్టి ఆ మాట ఉన్న అక్షరాలు అంతకుముందు చెక్కినవి కావు. మూలచిత్రం 1620ల నాటిదైనా సరే, రాగి మీది రాత 1632 తర్వాతిదే. "పార్లమెంటు చట్టం ప్రకారం ప్రచురితం" అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం, దాని పక్కన తేదీ ఉంటే అది 1735 తర్వాతిది. చెక్కుడు బొమ్మలకి కాపీహక్కు ఇచ్చిన చట్టం ఆ ఏడాదే అమల్లోకొచ్చింది.

ఇప్పుడు మధ్యలోని పెద్దక్షరాలు. "కోమెస్ అరుండెలియే ఎట్ సురియే" అంటే ఆరండెల్‌కీ సర్రేకీ ఎర్ల్. మార్షల్ అన్న మాట ఏ లాటిన్ రూపంలోనైనా కనిపిస్తే ఆ రాత 1621 తర్వాతిది. మా వంశపు పెళ్ళి శుభలేఖల్లో తాతగారి ఉద్యోగం కూడా వేసేవాళ్ళు, ఇదీ అదే బాపతు. ఎంత పెద్ద జాబితా ఉంటే అంత ఎక్కువ పోగొట్టుకున్న బాధ ఉందని నాకనిపిస్తుంది, ముఖ్యంగా డ్యూక్ పదవి పోయిన ఇంటివాడి విషయంలో.

ఒక హెచ్చరిక. థామస్ హోవర్డ్ అన్న పేరు చూసి మనవాడే అనుకోకండి. ఆ ఇంట్లో ఆ పేరు తరతరాలుగా ఉంది. ఆయన కాలంలోనే సఫక్ ఎర్ల్ థామస్ హోవర్డ్ ఒకాయన ఉన్నాడు, 1561లో పుట్టి 1626లో పోయినవాడు. ఆయనా కొలువులో పెద్ద అధికారే. అంతేకాదు, పదహారో శతాబ్దపు చిత్రకారుడు హోల్‌బైన్ చిత్రించిన మూడో నార్ఫోక్ డ్యూక్ థామస్ హోవర్డ్‌ని ఫోర్‌స్టర్‌మన్ రాగి మీదికి దించాడు. ఆ చిత్రం ఆరండెల్ సేకరణలోనిదే. ముత్తాతకి తండ్రి ముఖాన్ని అచ్చు వేయించడమంటే తన వంశం ఏమిటో లోకానికి గుర్తు చెయ్యడమే. ఇక మన ఎర్ల్‌ని కొన్ని పుస్తకాలు 14వ ఎర్ల్ అంటాయి, కొన్ని 21వ అంటాయి. లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే, మనిషి ఒక్కడే.

నాలుగో అడుగు: డాలు, పతకం, దండం

బొమ్మలో డాలు ఆకారంలో ఉండేది ఆ వంశపు చిహ్నం, దాని రంగులకీ అర్థం ఉంది. నలుపు తెలుపు బొమ్మలో ఆ రంగు ఎలా చెప్పాలి? దీనికి వంశచిహ్నాల పండితులు చక్కటి ఉపాయం కనిపెట్టారు. నిలువు గీతలంటే ఎరుపు. అడ్డగీతలంటే నీలం. చుక్కలంటే బంగారం. ఏమీ లేకపోతే వెండి. పెట్రా సాంక్టా అనే జెసూట్ సాధువు 1638లో వేసిన పుస్తకంతో ఇది బాగా వ్యాపించింది. హోవర్డ్ డాలు ఎర్ర నేల మీద ఏటవాలు వెండి పట్టీ, దానికి అటూ ఇటూ కలిపి ఆరు చిన్న శిలువలు. కటకంలో చూస్తే డాలు నేలంతా నిలువు గీతలు, పట్టీ మాత్రం ఖాళీ. పట్టీ మీద ఇంకో బుల్లి డాలు కనిపించిందా? 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండు సేనని ఓడించినందుకు ఆ వంశానికిచ్చిన గౌరవచిహ్నమది. గోరంత జాగాలో నూరేళ్ళ కిందటి యుద్ధం.

డాలు చుట్టూ బెల్టులాంటి పట్టీ, దానిమీద "చెడుగా తలచినవాడికే సిగ్గు" అన్న అర్థమిచ్చే పాత ఫ్రెంచి మాటలు ఉంటే అది గార్టర్. మెడలో వేలాడే పతకంలో గుర్రమెక్కి డ్రాగన్‌ని పొడుస్తున్న సెయింట్ జార్జ్ ఉంటాడు. ఇవి ఉంటే చిత్రంలోని మనిషి 1611 తర్వాతి ఆరండెల్.

కవచం, చేతిలో దండం, గుర్రం ఉంటే ఇంకాస్త దగ్గరగా చూడండి. హోలార్ చేసిన గుర్రమెక్కిన ఆరండెల్ 1639 నాటిది. ఆ ఏడాదే స్కాట్లండు మీదికి వెళ్ళిన రాజసైన్యానికి ఆయన సర్వసేనాని. ఆ దండయాత్రలో పెద్ద యుద్ధమేమీ జరగలేదు, సంధి చేసుకుని వెనక్కొచ్చారు. యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నవాడేం కాదాయన. తేదీ చదవకుండా బొమ్మ చూస్తే మహావీరుడనుకుంటాం. తేదీ చదివితే ఎందుకు గుర్రమెక్కించారో తెలుస్తుంది.

అదే సమయానికి వాన్ డైక్ ఆయన్నీ భార్యనీ పక్కపక్కన కూర్చోబెట్టి ఇంకో చిత్రం చేశాడు. పెద్ద గ్లోబు, దానిమీద మడగాస్కర్ దీవిని చూపిస్తున్న ప్రభువు. ఆ దీవిలో వలస పెట్టాలని పథకం వేశాడు. కదలని పథకం. ఫోర్‌స్టర్‌మన్ ఆ చిత్రాన్ని కూడా చెక్కాడు. సరిగ్గా ఆ 1639లోనే ఈస్టిండియా కంపెనీవాళ్ళు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు నేల సంపాదించారు. ఆ గ్లోబు చూసినప్పుడల్లా నాకు వేలు కొంచెం తూర్పుకి జరిగితే బాగుండునో, జరగకపోవడమే మంచిదైందో తేలదు.

ఐదో అడుగు: తిరగబడిందేమో చూడండి

ఇందాక చెప్పిన తిరగేత ఇక్కడ పనికొస్తుంది. చెక్కేవాడు మూలచిత్రాన్ని చూసి చూసినట్టే రేకు మీద దించితే కాగితం మీద బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది. జాగ్రత్తపరుడు ముందే తిరగేసి దించుతాడు. కత్తి ఎడమ నడుముకి ఉండాలి, కుడిచేతివాడు దూయాలి కదా. కాళ్ళదాకా ఉన్న బొమ్మైతే గార్టర్ ఎడమ మోకాలి కింద ఉండాలి. రెండూ కుడివైపుంటే బొమ్మ తిరగబడింది. అప్పుడు మూలచిత్రంతో పోల్చినప్పుడు కంగారుపడక్కర్లేదు. ఒకే మూలానికి రెండు అచ్చులు ఎదురెదురు దిక్కులు చూస్తుంటే, వాటిలో ఒకటి రెండోదాన్ని చూసి చేసిన నకలు అయ్యుండవచ్చు. నకలు కొట్టేవాడికి తిరగేసే ఓపిక ఉండదు.

ఆరో అడుగు: ఏ దశ?

రాగి మెత్తటి లోహం. అచ్చు తీసినకొద్దీ అరుగుతుంది. ముందు పోయేవి సన్నగీతలు, చెంప నీడ, నేపథ్యంలోని బూడిదరంగు. కటకంలో చూస్తే లోతైన గీతలు మాత్రం మిగిలి మధ్యలో తెల్లటి ఖాళీలు కనిపిస్తాయి. ముఖం బొంగురుపోయినట్టుంటుంది. అరిగాక రేకుని మళ్ళీ చెక్కేవాళ్ళు, అక్షరాలు మార్చేవాళ్ళు, ప్రచురణకర్త పేరు చెరిపి కొత్త పేరు పెట్టేవాళ్ళు. రేకులో మార్పు జరిగిన ప్రతిసారీ వచ్చే అచ్చులని ఒక దశ అంటారు.

వాన్ డైక్ పేరుతో వచ్చిన ప్రసిద్ధుల ముఖాల వరస దీనికి మంచి పాఠం. ఆరండెల్‌తో ఇటలీ వెళ్ళిన ఇనిగో జోన్స్ ముఖం, రాబర్ట్ వాన్ ఫూర్స్ట్ చెక్కినది, ఆ వరసలోనిదే. మొదట ఆంట్‌వెర్ప్‌లో మార్టినుస్ వాన్ డెన్ ఎండెన్ వేశాడు. తర్వాత రేకులు గిలిస్ హెండ్రిక్స్ చేతికొచ్చాయి, 1645లో నూరు ముఖాలతో పుస్తకంగా తెచ్చాడు, కింద తన పొడి అక్షరాలు వేశాడు. ఆ పైన ఎవరో ఆ అక్షరాలూ గీకేశారు. వాన్ డెన్ ఎండెన్ పేరుంటే ముందరిది, జీ హెచ్ అని ఉంటే తర్వాతిది, రెండూ లేకుండా ఆ చోట గీకిన మసక కనిపిస్తే ఇంకా తర్వాతిది. పేరు లేని బొమ్మ చూసి "అక్షరాలకి ముందు దశ, చాలా అరుదు" అని అమ్మజూపేవాళ్ళుంటారు. ఆ చోట వాలుగా టార్చి వెయ్యండి. గీకిన జాడ పూర్తిగా మాయం కాదు.

అచ్చు చుట్టూ అంచు అస్సలు లేకుండా కోసి ఉంటే దానికీ ఓ కథ ఉంది. 1769లో జేమ్స్ గ్రేంజర్ అనే పాదిరీ ఇంగ్లండు ప్రముఖుల జీవితాలను చెక్కుడు చిత్తరువుల లెక్కన వరసపెట్టి పుస్తకం వేశాడు. ఇక చూస్కోండి, డబ్బున్నవాళ్ళంతా ముఖాలు కోసి పుస్తకాల్లో అతికించుకునే జబ్బు పట్టింది. ఎన్ని పాత పుస్తకాలు ముఖచిత్రం లేకుండా మొండిగా మిగిలాయో. మీ చేతిలోని బొమ్మ వెనక జిగురు మరకలుంటే అది అలాంటి పుస్తకంలోంచి మళ్ళీ ఊడి వచ్చి ఉండవచ్చు.

ఏడో అడుగు: పక్కన పెట్టి పోల్చండి

ఇది ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు, పైసా ఖర్చులేదు. టొరంటో విశ్వవిద్యాలయం థామస్ ఫిషర్ గ్రంథాలయం హోలార్ ఎచింగులను ఆన్‌లైన్‌లో పెట్టింది, బాగా పెద్దవి చేసి చూడొచ్చు. బ్రిటిష్ మ్యూజియం, లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం సైట్లలో ఆరండెల్ పేరు కొట్టండి. హోలార్ రేకులకి పార్థే, పెన్నింగ్టన్ అన్న జాబితాకారుల నంబర్లుంటాయి. ఆ నంబరు తెలిస్తే వెతుకులాట సులువవుతుంది.

పోల్చేటప్పుడు ముఖాన్ని పోల్చకండి. రేకు గుంట కొలత మిల్లీమీటర్లలో తీసుకోండి. కాగితం తడిసి ఆరుతుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే. తర్వాత ఒక మారుమూల చోటు ఎంచుకోండి, చొక్కా ముడత కింద గీతలు కలిసే చోటో, అక్షరం తోకో. అక్కడ గీతలు లెక్కపెట్టండి. నకలు చేసేవాడు ముఖం దగ్గర జాగ్రత్తపడతాడు, చొక్కా ముడత దగ్గర దొరికిపోతాడు.

రంగుల మూలాలూ పక్కన తెరిచిపెట్టుకోండి. వాన్ డైక్ 1620ల మొదట్లో చేసిన ఆరండెల్ లాస్ ఏంజెలెస్ గెట్టీ మ్యూజియంలో ఉంది. కవచం తొడిగిన రూబెన్స్ ఆరండెల్ బోస్టన్ ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియంలో ఉంది.

ఎనిమిదో అడుగు: దాచుకోవడం

మన ఉక్కపోతలో కాగితానికి శత్రువులు ఎక్కువ. నాలుగు మాటలు చెప్తాను. లామినేషన్ షాపుకి తీసుకెళ్ళకండి, అది బొమ్మకి దహనసంస్కారం. సెలోటేపు వెయ్యకండి, నాలుగేళ్ళకి దాని జిగురు గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది. ఫ్రేము కట్టిస్తే అద్దానికి కాగితం తగలకుండా మధ్యలో ఆమ్లంలేని అట్ట చట్రం పెట్టించండి, వానాకాలంలో అద్దం చెమరిస్తే కాగితం అంటుకుపోతుంది. ఎండ పడే గోడకీ, వంటిల్లు, బాత్‌రూమ్ గోడలకీ తగిలించకండి. మైదాపిండి జిగురు అంటే సిల్వర్‌ఫిష్ పురుగులకి విందుభోజనం. చిరిగితే సొంతవైద్యం వద్దు, కాగితం బాగుచెయ్యడం తెలిసినవాళ్ళకి చూపించండి.

ఇప్పుడు ముఖం

ఇన్ని అయ్యాక, ఇప్పుడు చూడండి. పొడుగాటి ముక్కు, లోతైన నల్లటి కళ్ళు, పలచటి గడ్డం. ఒంటిమీద మెరుపుబట్ట కనబడదు. ఆ కొలువంతా పట్టూ లేసూ కుచ్చులతో మిలమిలలాడుతున్న రోజుల్లో ఆయన నల్లటి సాదా బట్టలతో వచ్చేవాడట. బట్టల మీద ఆస్తి తగలేసే కార్లైల్ ఎర్ల్ ఆయన్ని చూసి, ఆ సాదా బట్టలతో, ఆ గడ్డంతో వస్తున్నాడు చూడండి, మా అందరికన్నా ఆయనే ప్రభువులా ఉన్నాడు అన్నాడని చెబుతారు. ఆ కాలపు చరిత్ర రాసిన క్లారెండన్‌కి మాత్రం ఆయనంటే పడదు. తనకన్నా గొప్పవాడు ఒకడున్న చోటు అదొక్కటే కాబట్టి కొలువుకి వెళ్ళేవాడు, అలాంటివాడు ఒకడున్నాడు కాబట్టే తక్కువగా వెళ్ళేవాడు అని రాశాడు. రాజు గురించే ఆ మాట. రెండు మాటలూ మనసులో పెట్టుకుని కనుబొమ్మల దగ్గర ఆగండి. ఫోర్‌స్టర్‌మన్ ఉలి గీతల్లో నాకు మొదటిమాట కనిపిస్తుంది, గుర్రమ్మీది హోలార్ బొమ్మలో రెండోది. మీకు తిరగేసి కనిపించినా తప్పులేదు.

నేను మోసపోయి కొన్న ఆ చుక్కల పేజీ ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. ఈ విద్య నేర్పమని ఎవరైనా వస్తే మొదట దాన్నే తీసి చేతిలో పెట్టి, కటకం ఇచ్చి, ఎంత పెట్టి కొంటారో చెప్పమంటాను.